మన బడిలో తైక్వాండో: రిజిస్టరులో రాయని సంగతి

స్వర్ణోత్సవ సంచికకు మన బడి ఆటల చరిత్ర రాసి పంపమని సంఘం వారు ఫోన్ చేశారు. ఆటలన్నీ రాయడం నా వల్ల కాదన్నాను. కబడ్డీ గురించీ వాలీబాల్ గురించీ రాయగలవాళ్ళు మీలో చాలామందే ఉన్నారు. పైగా వాటిలో ఎవరి పేరు మర్చిపోయినా నాకు ఫోన్లు తప్పవు. అందుకని పదిహేనేళ్ళు మన బడిలో ఉండి, ఆ తరవాత చడీచప్పుడూ లేకుండా పోయిన ఒక్క ఆట గురించే రాస్తున్నాను.

నాకు ఆధారాలు రెండు. ఒకటి ఆటల సామాను స్టాక్ రిజిస్టరు. రిటైరైనప్పుడు అసలుది అప్పగించి, తైక్వాండో పేజీలు మాత్రం చేత్తో రాసి తెచ్చుకున్నాను. రెండోది హెడ్మాస్టరు గారి గదిలో గోడకున్న పతకాల బోర్డు. మిగతాదంతా నా జ్ఞాపకం. డెబ్భై దాటినవాడి జ్ఞాపకం కాబట్టి అంకెల దగ్గర కాస్త అనుమానంగా చదవండి. ఒక్క అంకె మాత్రం నాకు బాగా గుర్తుంది. దాని సంగతి తరవాత చెబుతాను.

ముందు ఆట గురించి నాలుగు మాటలు. మీలో చాలామంది దాన్ని చివరిదాకా 'కరాటే' అనే అన్నారు. 1973లో వచ్చిన 'ఎంటర్ ది డ్రాగన్' మన ఊళ్ళో ఎన్నేళ్ళు తిరిగిందో మీకు తెలుసు. చేయి ఎత్తినా కాలు ఎత్తినా కరాటే అనడం అప్పటినుంచి అలవాటైంది. కరాటే జపాను వాళ్ళది, తైక్వాండో కొరియా వాళ్ళది. 'తే' అంటే కాలు, 'క్వాన్' అంటే పిడికిలి, 'దో' అంటే మార్గం. ఆ పేరు పెట్టింది 1955లోనే. అంటే ఆట మూలాలు పాతవైనా పేరు నాకంటే చిన్నది. మొదటి ప్రపంచ పోటీలు 1973లో సియోల్‌లో జరిగాయి. మన దేశానికి ఆ 1970లలోనే జిమ్మీ జగ్తియానీ తెచ్చారు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ప్రదర్శన క్రీడగా పెట్టారు. మనవాళ్ళు టీవీలో దాన్ని చూసింది అప్పుడే.

ఆ మరుసటి ఏడాది, 1989లో, మన ఊరి కుర్రాడొకడు హైదరాబాదులో నేర్చుకుని బ్లాక్ బెల్టుతో చీరాల తిరిగొచ్చాడు. ఇరవై ఏళ్ళవాడు. పొద్దున పూట మైదానం వాడుకోనిస్తే పిల్లలకు ఉచితంగా నేర్పుతానన్నాడు. అప్పటి హెడ్మాస్టరు గారు కళ్ళజోడు తీసి, "మనం కొట్టుకోవద్దని చెప్పడానికే జీతం తీసుకుంటున్నాం కదండీ, తన్నుకోవడం నేర్పిస్తారా?" అని నన్నడిగారు. మొహం మీద గుద్దితే తప్పు, నడుము కింద తన్నితే తప్పు, కింద పడ్డవాణ్ణి కొడితే తప్పు అని నియమాలు ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాను. "ఇన్ని తప్పులుంటే మా క్లాసు రూముల కంటే నయమే" అని సంతకం పెట్టారు. ఊరికి దండు కొత్త కాదనుకోండి. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి రామదండు కవాతు చేసిన ఊరు మనది.

రిజిస్టరులో మొదటి పద్దు: 'ఛాతీ కవచాలు – 2'. ఒక బట్టల వ్యాపారి ఇచ్చిన విరాళంతో కొన్నవి. కొరియా మాటలో వాటిని 'హోగు' అంటారు. ఒకటి ఎరుపు, ఒకటి నీలం. నలభై మంది పిల్లలకు ఆ రెండే. ఒకరి చెమట ఆరకముందే ఇంకొకరు తొడుక్కునేవాళ్ళు. తన్నడానికి ప్యాడ్లు కొనే స్తోమత లేక, తెగిన హవాయి చెప్పులు రెండేసి కలిపి, సైకిల్ ట్యూబు చుట్టి పిడులు పెట్టాం. మ్యాట్లు లేవు. వర్షాకాలం వరండాలో, మిగతా రోజులు మైదానంలో, ఆదివారాలు వాడరేవు ఇసుకలో. దుస్తులు మాత్రం ఏ ఊరివాళ్ళకూ లేనంత మంచివి. పేరాల నుంచి నేత బట్ట తెచ్చి మన ఊరి దర్జీయే కుట్టాడు. మొదటి ఉతుకుకి ప్యాంట్లు పిక్కల దాకా ముడుచుకుపోయాయి. ఆ ఫోటో ఈ సంచికలో వేస్తారేమో, నవ్వకండి.

పొద్దున్నే 'హానా, దుల్, సెత్, నెత్' అని పిల్లలు కొరియా అంకెలు గొంతెత్తి లెక్కపెడుతుంటే, పాలవాళ్ళు సైకిళ్ళు ఆపి చూసేవాళ్ళు. లెక్కల మాస్టారు, "మన అంకెలే సరిగా రావు, అవెందుకండీ వీళ్ళకి" అని విసుక్కునేవారు. పది వరకూ అందరికీ వచ్చేవి. దసోత్, యోసోత్, ఇల్గోప్, యోదోల్, అహోప్, యోల్. మీలో ఆ రోజులవాళ్ళకు ఇప్పటికీ గుర్తుండే ఉంటాయి.

వచ్చిన పిల్లల్లో సగం మంది నేతగాళ్ళ ఇళ్ళవాళ్ళు. పుస్తకం పట్టుకునే వయసుకే ఇంట్లో కండెలు చుట్టడం, గుంట మగ్గంలో దిగి కాళ్ళాడించడం అలవాటైన పిల్లలు. వాళ్ళ కాళ్ళ లయ చూసి మా కుర్రాడు, అంటే కోచ్, ఆశ్చర్యపోయేవాడు. పక్కనుంచి తిప్పి కొట్టే తన్నును 'దొల్యో చాగి' అంటారు. మిగతావాళ్ళకు అది పట్టుబడటానికి నెలలు పడితే, వీళ్ళకు వారాలు పట్టేది. కారణం నిజంగా మగ్గమేనా అంటే చెప్పలేను. నాకలా అనిపించేది.

ఇక్కడ 1991 గురించి చెప్పాలి. నూలు ధరలు పెరిగి, మగ్గాలు ఆగిపోయి, చీరాల చుట్టుపక్కల చేనేత కుటుంబాల్లో ఆకలి చావులు జరిగిన ఏడాది అది. పేపర్లలో చదివినవాళ్ళకు అది వార్త. మాకు హాజరు పట్టీ. కొందరు పిల్లలు పొద్దున ప్రాక్టీసుకు రావడం మానేశారు. ఎందుకు రావడం లేదని ఇళ్ళకు వెళ్ళి అడిగితే, పరిగెత్తితే ఆకలేస్తుందని ఒక తల్లి చెప్పింది. ఆ తరవాత కొన్నాళ్ళు టీచర్లం తలా కొంత వేసుకుని ప్రాక్టీసు అయ్యాక ఉడకబెట్టిన శనగలు పెట్టించాం. ఇది రిజిస్టరులో ఉంది: 'శనగలు – 3 కిలోలు'. ఆడిట్ వాళ్ళు దాన్ని ఆట సామానుగా ఒప్పుకోలేదు.

ఇక మద్రాసు సంగతి. బార్సిలోనా ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడాది, 1993 చలికాలంలో, దక్షిణాది రాష్ట్రాల పిల్లల పోటీలకు మన బడి నుంచి ఎనిమిది మంది ఎంపికయ్యారు. ఐదుగురు మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. మన బడి ఆడపిల్లలు ఆటల కోసం రాష్ట్రం దాటడం అదే మొదలు. ముగ్గురిలో అందరికంటే బాగా ఆడేది ఎనిమిదో తరగతి పిల్ల. పేరు రాయొద్దని తను కోరింది కాబట్టి రాయడం లేదు. మీలో ఆ బ్యాచ్ వాళ్ళకు పేరు అక్కర్లేదు.

ఆ పిల్ల తండ్రి నేతపని చేసేవాడు. పంపనని రెండుసార్లు నన్ను తిప్పి పంపాడు. మూడోసారి ఒప్పుకున్నాడు. రైలెక్కించడానికి స్టేషనుకు వచ్చి, "గెలిచినా ఓడినా మాకేం లేదు మాస్టారూ. మా పిల్ల ఆకలికి తట్టుకోలేదు. వేళకు ఇంత పెట్టించండి" అన్నాడు. నేను నవ్వి, "మీ ఇంట్లో కంటే బాగా పెడతాను" అన్నాను. ఎలాంటి మాట అన్నానో అప్పుడు తోచలేదు.

తైక్వాండోలో బరువును బట్టి విభాగాలు. ఆ పిల్లను 38 కిలోల లోపు విభాగంలో నమోదు చేశాం. మన ఊళ్ళో నూలు కొట్టు కాటా మీద తూచినప్పుడు సరిగ్గా సరిపోయింది. మద్రాసులో దిగి, పోటీ హాల్లో అందరి కోసం పెట్టిన కాటా ఎక్కించాం. 38 కిలోల 400 గ్రాములు. నేను చెప్పిన ఆ ఒక్క అంకె ఇదే. అసలు తూకం మర్నాడు పొద్దున ఏడింటికి.

పై విభాగంలో మన రెండో పిల్ల ఉంది. ఒక జట్టుకు విభాగానికి ఒక్కరే. కాబట్టి ఉన్నవి రెండు దారులు. పోటీ నుంచి తప్పించడం, లేదా పొద్దునకల్లా 400 గ్రాములు తగ్గించడం. కోచ్ కుర్రాడు, "వద్దు మాస్టారూ, వచ్చే ఏడాది చూద్దాం" అన్నాడు. ఇంత దూరం తీసుకొచ్చి ఆడించకుండా తీసుకెళితే ఊళ్ళో ఏం చెప్పాలని నేనన్నాను. వాడికి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. నేను వాడికి డ్రిల్లు నేర్పిన మాస్టార్ని. ఇంక మాట్లాడలేదు.

మధ్యాహ్నం నుంచి అన్నం లేదు. సాయంత్రం నుంచి నీళ్ళు లేవు. ఇద్దరు పిల్లల ట్రాక్ సూట్లు ఒకదాని మీద ఒకటి తొడిగించి, చీకటి పడేదాకా ఆవరణ చుట్టూ పరిగెత్తించాను. రాత్రి నిమ్మచెక్క నోట్లో పెట్టుకుని ఉమ్ముతూ ఉండమన్నాను. ఇవన్నీ నేను కనిపెట్టినవి కావు. వేరే జట్లవాళ్ళు అదే ఆవరణలో అదే పని చేయిస్తున్నారు. అందరూ చేస్తున్నారు కదా అని నాకు ధైర్యం కూడా వచ్చింది. మిగతా పిల్లలు భోజనాలకు వెళుతుంటే తను వరండాలో కూర్చుని ఉమ్ముతూ ఉంది. నీళ్ళ బాటిల్ నా సంచిలో పెట్టుకుని పడుకున్నాను.

పొద్దున తూకం 37 కిలోల 900. చప్పట్లు కొట్టాం. వెంటనే గ్లూకోజు నీళ్ళు తాగించాం, రెండు ఇడ్లీలు పెట్టాం. పావుగంటలో అంతా కక్కేసింది. భయం వల్ల అని నేను అందరికీ చెప్పాను.

పదకొండు గంటలకు ఆట. మన పిల్లలు మ్యాట్ మీద కాలు పెట్టడం ఆ పోటీల్లోనే మొదటిసారి. ఇసుకకూ గట్టి నేలకూ అలవాటైన కాళ్ళకు అది మెత్తగా, జారుతున్నట్టు ఉంటుంది. అయినా మొదటి రౌండు తనదే. రెండు తన్నులు నీలం కవచం మీద టప్పుమని మోగాయి. అప్పట్లో ఎలక్ట్రానిక్ కవచాలు లేవు. మూలల్లో కూర్చున్న జడ్జీలు చప్పుడు విని, కంటితో చూసి పాయింటు ఇవ్వాలి. ఆ చప్పుడుకి హాల్లో వాళ్ళు తిరిగి చూశారు.

కోచ్ కుర్చీలో కూర్చోవలసింది మా కుర్రాడు. నేను కూర్చున్నాను. కాబట్టి తరవాత జరిగింది అందరికంటే దగ్గరనుంచి చూసినవాణ్ణి నేనే.

రెండో రౌండులో తనకు తగిలింది పెద్ద తన్ను కాదు. కవచం మీద పక్కకు జారిన దెబ్బ. తను మెల్లగా, ఎవరో కూర్చోమన్నట్టు కూర్చుంది. రిఫరీ వేళ్ళు చూపిస్తూ లెక్క మొదలుపెట్టాడు. హానా. దుల్. సెత్. రోజూ మన మైదానంలో వినే అంకెలే. ఎనిమిది అనేలోపు లేచి, పిడికిళ్ళు ఎత్తి, సిద్ధమని చూపించాలి. నేను "లే, లే" అని అరిచాను. అప్పుడే నేను తువ్వాలు విసిరి ఆట ఆపించి ఉండాలి. 'యోసోత్' దగ్గర నా వైపు చూసింది. 'యోల్' అన్నాక పక్కకు వాలిపోయింది.

డ్యూటీలో ఉన్న డాక్టరు గారు నాడి చూసి, పెదాలు చూసి, "ఈ పిల్ల తిని ఎంతసేపయింది?" అని తెలుగులోనే అడిగారు. పొద్దున ఇడ్లీ తిన్నది అన్నాను. కక్కిన సంగతి చెప్పలేదు. కోచ్ కుర్రాడు ముందుకొచ్చి మొత్తం చెప్పాడు. ఆయన నన్ను తిట్టలేదు, నా వైపు చూడనైనా లేదు. సెలైన్ పెట్టించారు. సాయంత్రానికి లేచి కూర్చుని, అన్నం అడిగింది.

ఇప్పుడు బోర్డు దగ్గరకు వస్తాను. దాని మీద ఆ ఏడాది తైక్వాండోలో మూడు కాంస్య పతకాలున్నాయి. రెండు మగపిల్లలవి, మూడోది తనది. ఓడిన పిల్లకు పతకమెలా వచ్చిందని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. ఈ ఆటలో సెమీఫైనల్లో ఓడిన ఇద్దరికీ కాంస్యం ఇస్తారు. ఆ విభాగంలో తూకం దాటి మిగిలింది నలుగురే. అంటే మొదటి ఆటే సెమీఫైనల్. ఒక్క ఆట ఆడి, ఓడి, సెలైన్ ఎక్కించుకున్న పిల్లకు పతకం వచ్చింది. తిరిగొచ్చాక ప్రార్థన సమయంలో హెడ్మాస్టరు గారు పేరు చదివితే బడి బడంతా చప్పట్లు కొట్టింది. తను తల దించుకుని నిలబడింది. వినయం అనుకున్నారు.

నేను ఎవరికీ చెప్పలేదు. రిజిస్టరులో 'మద్రాసు పోటీలు – కాంస్యాలు 3' అని రాసి సంతకం పెట్టాను. మరుసటి నెల నా డబ్బుతో ఒక బరువు మిషను కొని గదిలో పెట్టాను. ప్రతి నెలా అందరి బరువూ రాసేవాణ్ణి. పోటీ ముందురోజు రాత్రి ఎవరు తిండి మానినా జట్టులోంచి తీసేస్తానని చెప్పాను. తూకానికి కిలో అటూ ఇటూ ఉన్నవాళ్ళను పై విభాగంలోనే ఆడించాను. దానివల్ల పతకాలు తగ్గాయి. మాస్టారికి పట్టుదల తగ్గిందని మీలో కొందరు అనుకున్నారని నాకు తెలుసు. కారణం ఇది.

1996లో అట్లాంటా ఒలింపిక్స్‌కు ముందు కొరియా జూడో ఆటగాడు ఛుంగ్ సే హూన్ బరువు తగ్గే ప్రయత్నంలో గుండె ఆగి చనిపోయాడు. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్ళు నెల రోజులు పైబడిన వ్యవధిలో అదే పనిచేస్తూ పోయారు. ఒంటి మీద రబ్బరు సూట్లు, వేడి గదులు, నీళ్ళు మానడం. ఆ తరవాత అక్కడ నియమాలు మార్చారు. చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. వాళ్ళు పెద్దవాళ్ళు, కాలేజీ డాక్టర్లున్నవాళ్ళు. నా చేతిలో ఉన్నది పదమూడేళ్ళ పిల్ల.

మర్నాడు సైకిలెక్కి వాళ్ళింటికి వెళ్ళాను. తండ్రి మగ్గంలో ఉన్నాడు. నన్ను చూసి ఆపి, పైకొచ్చి, స్టూలు తుడిచి వేశాడు. నాలుగేళ్ళ కిందటి మద్రాసు సంగతి మొదలుపెట్టాను. సగంలోనే, "పిల్ల చెప్పింది మాస్టారూ, వచ్చిన రాత్రే" అన్నాడు. మరి నన్నెందుకు అడగలేదన్నాను. "అడిగితే బడి మానిపించాల్సొస్తుంది. అది చదువుకోవాలి గదా" అని, టీ పెట్టమని లోపలికి కేకేశాడు. ఆ నాలుగేళ్ళూ బజార్లో ఎక్కడ కనిపించినా నాకు నమస్కారం పెడుతూనే ఉన్నాడు. ఆ టీ ఎలా తాగానో నాకే తెలుసు.

ఆట మన బడిలో 2004 దాకా సాగింది. 2000లో సిడ్నీలో పతకాల క్రీడ అయినప్పుడు, 2001లో శ్రీహరి గారి 'భద్రాచలం' వచ్చినప్పుడు పిల్లలు విరగబడ్డారు. ఆ సినిమాతోనే మన ఊరికి 'తైక్వాండో' అనే మాట తిరిగింది. తరవాత కోచ్‌కు పొరుగూళ్ళో ఉద్యోగం దొరికింది. పెళ్ళయింది, రాకపోకలు తగ్గాయి. కవచాలకు చెదలు పట్టాయి. రిజిస్టరులో చివరి పద్దు: 'పనికిరానివి, తొలగించడమైనది'.

ఇన్నాళ్ళూ రాయనిది ఇప్పుడెందుకంటే, 2024 ఆగస్టు 7న టీవీ చూస్తున్నాను. పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫొగాట్ ఫైనల్ ఆడాల్సిన రోజు. 50 కిలోల విభాగంలో 100 గ్రాములు ఎక్కువని పక్కన పెట్టేశారు. రాత్రంతా ఏమేం చేశారో, జుట్టు ఎందుకు కత్తిరించారో చెబుతున్నారు. మా ఇంట్లో అందరూ అయ్యో పతకం పోయిందే అంటున్నారు. నేను లేచి పెరట్లోకి వెళ్ళాను. సాయంత్రం ఫోన్ మోగింది. ముప్పై ఏళ్ళ తరవాత తనే చేసింది. ఇప్పుడు తనకు పేరాలలో చిన్న చీరల కొట్టుంది, కాలేజీ చదివే కూతురుంది. "టీవీ చూస్తున్నారా మాస్టారూ?" అని అడిగింది. చూడలేక ఆపేశానన్నాను. "నేనూ అంతే" అంది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

ఈ వ్యాసం రాసేముందు అనుమతి కోసం మళ్ళీ ఫోన్ చేశాను. "రాయండి. కానీ నేను ఓడిపోయానని కూడా రాయండి. చుట్టాలందరికీ ఎవరినో కొట్టి తెచ్చుకున్నానని చెప్పాడు మా నాన్న" అంది. బోర్డు మీద పేరు తీయించమంటావా అమ్మా అని అడిగితే, "అదెందుకు మాస్టారూ, మొదటి రౌండు నాదే గదా" అంది.

అమెరికాలో ఉన్న మన 1996 బ్యాచ్ వాళ్ళు బడికి తైక్వాండో మ్యాట్లు, కొత్త కవచాలు ఇస్తామంటున్నారు. ఆడపిల్లలకు ఆత్మరక్షణ శిక్షణ అని ఇప్పుడు ప్రభుత్వం కూడా నేర్పిస్తోంది కాబట్టి మాస్టరుకు ఇబ్బంది ఉండదు. ఆ జాబితా నాకు చూపించారు. కింద రెండు పద్దులు నా చేత్తో రాసిచ్చాను: బరువు మిషను – 1, శనగలకు నెలనెలా కొంత. కాటా కొనేటప్పుడు కొత్తదే కొనండి. నేను కొన్నది చివరి రోజుల్లో ముప్పావు కిలో తక్కువ చూపించేది.